తల కొలవని టైలరమ్మ

ఇరవై రెండేళ్ళుగా మెట్‌పల్లిలో ఆడవాళ్ళ జాకెట్లు కుడుతున్నాను. పెళ్ళిళ్ళ సీజన్‌లో రోజుకు ఆరేడు కటింగులు చేసే చెయ్యి నాది. గిరాకీ ఎవరొచ్చినా "ఆది జాకెట్టు పెట్టి పో బిడ్డా, తక్కింది నేను చూసుకుంట" అంటాను. ఆ ధీమాతోనే మూడేళ్ళ కిందట మా మనుమడికి ఒక హాఫ్ స్వెటర్ అల్లడానికి కూర్చున్నాను. ఒకటి తర్వాత ఒకటి నాలుగు తప్పులు చేశాను. మొదటి మూడూ ఎవరైనా చేసేవే, దిద్దుకుంటే పోయేవే. నాలుగోది మాత్రం కత్తెర బాగా తిరిగిన చెయ్యి చేసే తప్పు. అందుకే దాని గురించి ఎక్కువ చెప్తాను.

మా బిడ్డను ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడలో ఇచ్చాం. ఇక్కడి నుంచి ఆర్మూర్ పోయి, అక్కడ బస్సు మారి, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కితే చలి తీరే మారిపోతుంది. మా దగ్గర కార్తీకంలో తెల్లవారుజామున ఒక దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. అక్కడ పొద్దు బాగా ఎక్కేదాకా జనం మంట దగ్గర నుంచి లేవరు. డిసెంబర్, జనవరిల్లో ఆదిలాబాద్ వైపు రాత్రి చలి పది డిగ్రీల కిందికి దిగడం ఏటా ఉన్నదే. మనుమడికి అప్పుడు నాలుగేళ్ళు. అంగన్‌వాడీకి పోతున్నాడు. నిండు చేతుల స్వెటర్ తొడిగితే వాడు ఉంచుకోడు. అన్నం తింటే మణికట్టు పప్పులో మునుగుతుంది, చెయ్యి కడిగితే తడుస్తుంది. తడిసిన చెయ్యి అంచు చల్లగా అంటుకుంటే ఏడుపు. 

"చేతులు లేనిది ఒకటి కొనుక్కరావే అమ్మా, అంగీ మీదికెల్లి తొడుగుత" అంది బిడ్డ ఫోన్‌లో.

కొంటే అయిపోయేది. చలికాలం వచ్చిందంటే జగిత్యాల, కరీంనగర్ రోడ్ల పక్కన టిబెటన్లు, నేపాలీలు డేరాలు వేసుకుని స్వెటర్లు అమ్ముతారు. వందల్లో వ్యవహారం. కానీ టైలర్ ఇంటి పిల్లగాడికి కొన్న స్వెటరా? "కొనుడెందుకే, నేనే అల్లుత" అన్నాను. అప్పటికి నాకు అల్లికలో ఒక్క వరస కూడా రాదు.

ఊలు అంటే మా ఇళ్ళల్లో గొంగడే. మా మామయ్య గొంగడి ఇప్పటికీ అటక మీద ఉంది. కురుమలు నల్లగొర్రెల ఊలు కత్తిరించి, వడికి, చింతగింజల గంజి పెట్టి, గుంట మగ్గం మీద నేసిన గొంగడి. వానకు, చలికి, పొలం కావలికి అదే. దక్కనీ గొర్రె ఊలు ముతక. పెద్దవాళ్ళ వీపు ఓర్చుకుంటుంది, పసివాడి మెడ ఓర్చుకోదు. పైగా మాంసానికి పనికొస్తాయని ఊలు లేని నెల్లూరు జాతి పొట్టేళ్ళతో కలుపుకుంటూ వచ్చాక మందల్లో మంచి నల్ల ఊలు కూడా తగ్గిపోయింది. అందుకని అటక వైపు చూసి ఊరుకున్నాను. నిజామాబాద్ పోయినప్పుడు ఒక దుకాణంలో పసుపు కొమ్ము రంగు ఊలు 150 గ్రాములు కొన్నాను. ఊలు అని మనం అనడమే. అది అక్రిలిక్ దారం. మెత్తగా ఉంటుంది, ఉతికితే ముడుచుకోదు, దురద పెట్టదు. దానికి ఒక్కటే గండం, ఇస్త్రీ పెట్టె. వేడి తగిలితే చచ్చుబడి పీలికలా వేలాడుతుంది.

నేర్పింది మా సందులో ఉండే రిటైర్డు టీచరమ్మ. చిన్నప్పుడు హాస్టల్‌లో నేర్చుకుందట. అల్లిక పుల్లలను ఆమె సలాయిలు అంటుంది. కుట్లు రెండే రకాలు. దారం వెనక ఉంచి సలాయి ముందు నుంచి గుచ్చితే సీదా, దారం ముందుకు తెచ్చుకుని వెనక నుంచి గుచ్చితే ఉల్టా. ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా అల్లుకుంటూ పోతే చదునైన బట్ట వస్తుంది. ఒకే వరసలో ఒకటి సీదా ఒకటి ఉల్టా వేస్తే సాగే పట్టీ వస్తుంది. నడుముకు, చంకకు, మెడకు ఆ పట్టీయే. రెండు రాత్రుల్లో చేతికొచ్చేసింది. కుట్టుపని తెలిసినదాన్ని కదా అని లోపల నవ్వుకున్నాను.

"ఇగ పని మొదలువెట్టు. గని ముందుగాల అరచెయ్యంత ముక్క అల్లు. గది కొలిచి లెక్క జేస్కో" అంది టీచరమ్మ.

"గంత ముక్కకు ఊలు దండుగ గాదా మేడం? చీటీ మీద రాసే ఉంది" అన్నాను.

ఊలు ఉండకు చుట్టిన కాగితం మీద నిజంగానే రాసి ఉంది: 4 మిల్లీమీటర్ల సలాయిలతో అల్లితే 10 సెంటీమీటర్లకు 22 కుట్లు. పది సెంటీమీటర్లంటే కొంచెం అటూ ఇటూగా నాలుగు అంగుళాలు. అంటే అంగుళానికి అయిదున్నర. పిల్లగాడి ఛాతీ 21 అంగుళాలు, వదులు 3, మొత్తం 24. ముందు పల్లకు 12, వెనక పల్లకు 12. పన్నెండు అయిదున్నరలు 66. ఇంత సులువైన లెక్కకు ముక్క ఎందుకు? ఇదీ మొదటి తప్పు.

ఆ కాగితం మీది లెక్క ఎవరి చేతిదో కాని నా చేతిది కాదు. నాది మిషన్ చెయ్యి. దారం ఎక్కడ వదులైనా లాగి బిగించడం ఇరవై ఏళ్ళ అలవాటు. సలాయి మీద కూడా ప్రతి కుట్టుకూ వేలికి దారం చుట్టి ఒక గుంజు గుంజాను. నేను అల్లితే నాలుగు అంగుళాల్లో 22 కాదు, 26 కుట్లు పడుతున్నాయి. అంగుళానికి ఆరున్నర. తేడా ఎంత? అంగుళానికి ఒకే ఒక్క కుట్టు. కళ్ళజోడు పెట్టుకున్నా పట్టుకోలేని తేడా. కానీ 66ను ఆరున్నరతో భాగించి చూడండి, పది అంగుళాల చిల్లర వస్తుంది. పన్నెండు రావాల్సిన పల్ల పదికి దిగింది. పక్క కుట్లలో రెండు వైపులా ఒక్కో కుట్టు పోతే పది కూడా నిండదు. ముందూ వెనకా కలిపితే ఇరవైకి లోపే. 21 అంగుళాల ఛాతీకి 24 ఉండాల్సిన స్వెటర్ 20 కూడా లేదు.

రెండో తప్పు ఆది. ఛాతీ 21 అని ఎలా తెలుసు? బిడ్డ ఫోన్‌లో చెప్పింది. మిగతా కొలతలన్నీ, భుజం, పొడుగు, చంక, మెడ, వాడు బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు మరిచిపోయిన అంగీ నుంచి తీసుకున్నాను. అంగీని బల్ల మీద పరిచి, కాలర్ చుట్టూ టేపు పెట్టి, సుద్దతో గుర్తులు కూడా పెట్టాను. అంత శ్రద్ధగా చేసిన పనిలో తప్పు ఎక్కడుందో వాడి తలకు తొడిగేదాకా నాకు తట్టలేదు.

అంగీకి ముందర గుండీలు ఉంటాయి. తల దాని మెడలోంచి దూరాల్సిన పని లేదు. నేను కుట్టే జాకెట్లకు హుక్కులు. డ్రెస్సులకు వెనక జిప్పు. నైటీకి మెడ ఎటూ వెడల్పే. ఇరవై రెండేళ్ళలో వేల మెడలు కొలిచాను, ఒక్క తల కొలవలేదు. నా కొలతల పుస్తకంలో ఛాతీ, నడుము, భుజం, చెయ్యి పొడుగు, చెయ్యి లూజు, ముందు మెడ, వెనక మెడ, ఇన్ని గడులు ఉన్నాయి. తలకు గడి లేదు.

పిల్లల తల సంగతి అంగన్‌వాడీ టీచర్లను అడిగితే చెప్తారు. పుట్టినప్పుడు పిల్ల ఛాతీ కన్నా తల చుట్టుకొలతే ఎక్కువ. ఏడాది తిరిగే సరికి రెండూ సమానం అవుతాయి. అక్కడి నుంచి ఛాతీ ముందుకు పోతుంది, తల నెమ్మదిగా నడుస్తుంది. నాలుగేళ్ళ పిల్లగాడికి ఛాతీ 21 అంగుళాలుంటే తల 20 ఉంటుంది. అంటే వాడి ఒంట్లో స్వెటర్‌కు అన్నిటికన్నా గట్టి పరీక్ష తలే. పెద్దవాళ్ళకు ఈ బాధ ఇంత ఉండదు. పిల్లల స్వెటర్లలో కొన్నిటికి భుజం మీద రెండు గుండీలు ఎందుకు ఉంటాయో అప్పటిదాకా నాకు తెలియదు. అందానికి అనుకునేదాన్ని.

మూడో తప్పు చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మొదటి రెండూ తెలియక చేసినవి. ఇది తెలిసి చేసింది. నడుము పట్టీ రెండు అంగుళాలు అయ్యాక ఒక రాత్రి సలాయిని ఒళ్ళో పెట్టుకుని చూస్తే పల్ల సన్నగా కనబడింది. టేపు పక్కనే ఉంది. పట్టీ కదా, ముడుచుకుని ఉంటుంది, పైకి పోయినకొద్దీ విచ్చుకుంటుందిలే అనుకున్నాను. ఇంకో నాలుగు అంగుళాలు అయ్యాక కూడా అనుమానం వచ్చింది. ఊలు సాగుతుంది కదా అనుకున్నాను. టేపు ముట్టలేదు. ముట్టుకుంటే నిజం తెలుస్తుంది, తెలిస్తే విప్పాలి. పగలంతా మిషన్ తొక్కి, రాత్రి పదకొండు దాకా కూర్చుని అల్లిన ఆరు అంగుళాలు విప్పాలంటే ప్రాణం ఒప్పలేదు.

మూడు వారాలకు పూర్తయింది. గుండ్రటి మెడ. మెడ చుట్టూ కుట్లు ఎత్తుకుని ఆరు వరసల పట్టీ అల్లి, చివరి కుట్లను గట్టిగా బిగించి మూసేశాను. గట్టిగా ఎందుకంటే, జాకెట్ మెడ వదులైతే గిరాకీ ఊరుకోదు. చేత్తో పట్టుకుంటే పట్టీ ఎంత చక్కగా నిలబడిందో! టీచరమ్మకు చూపిస్తే పట్టీని రెండు వేళ్ళతో లాగి చూసి "గట్టిగుందేమో సూస్కో" అంది. నేను వినలేదు. సంక్రాంతికి సకినాల డబ్బాతో పాటు సంచిలో పెట్టుకుని ఇచ్చోడ బస్సెక్కాను.

ఆ పొద్దున మంచు ఇంకా విడవలేదు. వాడు వాకిట్లో మంట దగ్గర కూర్చుని ఉన్నాడు. పసుపు రంగు చూసి ఎగిరి వచ్చి, చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. తల మీదుగా వేశాను. నెత్తి దాటింది. నుదుటి దగ్గర ఆగింది. పట్టీని రెండు వైపులా గుంజాను. 14 అంగుళాల మెడ, ఎంత గుంజినా 17 దాటదు. దూరాల్సిన తల 20. చెవులు మడతపడ్డాయి. ఒక చెయ్యి చంకలోకి పోయింది, రెండోది లోపలే ఇరుక్కుంది. అక్రిలిక్ వాడి జుట్టుకు రాసుకుని చిటపటమంది. లోపలి నుంచి వాడి గొంతు వినబడింది. "అమ్మమ్మా... చీకటి... చీకటి..." 

వెనక్కి తీయడానికి ఇంకా కష్టమైంది. తీసేసరికి చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి. వాడు ఏడవలేదు. వాళ్ళమ్మ వెనక్కి పోయి కొంగులో ముఖం దాచుకుని నిలబడ్డాడు. ఏడ్చినా బాగుండేది. ఆ పండుగ మూడు రోజులూ నా చేతిలో ఏ బట్ట కనబడినా, తువ్వాల కనబడినా, వాడు దూరం జరిగాడు.

ఇక నాలుగో తప్పు.

నా సంచిలో కత్తెర లేని రోజు ఉండదు. ఆ మధ్యాహ్నం బిడ్డ వంటింట్లో ఉండగా స్వెటర్ ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. ఒక జాకెట్ మెడ ఇరుకైతే టైలర్ ఏం చేస్తుంది? డీప్ చేస్తుంది. నేను రోజూ చేసే పనే. ముందు మెడను అంగుళం కిందికి కత్తిరించి, చుట్టూ శాటిన్ పైపింగ్ వేస్తే సరి, ఎవరికీ తెలియదు. కళ్ళు మూసుకుని చేయగలను. కత్తిరించాను. ఒకే ఊపులో, గుండ్రంగా, ఎంత శుభ్రంగా వచ్చిందో.

పైపింగ్‌కు ముందు మోకాలి మీద వేసి ఒకసారి సాగదీసి చూశాను. కత్తిరించిన అంచులో ఒక కుట్టు జారింది. దాని కింది కుట్టు, దాని కిందిది, దాని కిందిది. చూస్తుండగానే మెడ నుంచి ఛాతీ మధ్య దాకా నిచ్చెన మెట్లలా దారి పడింది. వేలు పెట్టి ఆపబోతే పక్కన ఇంకోటి జారింది. మూడు నిచ్చెనలు.

మెట్‌పల్లి ఖాదీకి పేరున్న ఊరు. నిజాం కాలం నుంచే ఇక్కడ రాట్నాలు తిరిగాయి, మగ్గాలు ఆడాయి. నేను కుట్టు నేర్చుకున్నది కూడా ఖాదీ ముక్కల మీదే. నేసిన బట్ట అంటే పడుగు, పేక. నిలువు దారాలు, అడ్డు దారాలు ఒకదాన్నొకటి నొక్కిపట్టి ఉంటాయి. కత్తిరిస్తే అంచున నాలుగు పోగులు లేస్తాయి, అంతే. మడిచి కుడితే కదలదు. అల్లిన బట్ట అలా కాదు. పడుగూ లేదు, పేకా లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకటే దారం, ముడి కూడా వేయకుండా, ఉచ్చులో ఉచ్చుగా ఎక్కుతూ పోతుంది. ప్రతి ఉచ్చును దాని పైనున్న ఉచ్చే ఆపుతుంది. పైదాన్ని కోస్తే కిందిదానికి దిక్కు లేదు. సాగే గుణమూ జారే గుణమూ ఆ ఉచ్చులోదే. చేతికి నేసిన బట్ట ఒకటే తెలిసినదాన్ని, అల్లిన బట్టకూ అదే న్యాయం అనుకున్నాను.

అసలు నష్టం ఆ మూడు నిచ్చెనలు కావు. దాన్ని మెట్‌పల్లి తెచ్చి టీచరమ్మ ముందు పరిస్తే ఆమె స్వెటర్ వైపు కాదు, నా వైపు చూసింది.

"కత్తెరెందుకు వట్టినవే? ఇది ఇప్పుకునే వస్తువు."

కత్తిరించకుండా ఉంటే ఏమయ్యేదో ఆమె చెప్పింది. పక్క కుట్లు, భుజం కుట్లు విప్పి, చివరగా మూసిన కుట్టు పట్టుకుని లాగితే ఒక్కో పల్ల దారం తెగకుండా వెనక్కి వచ్చేది. ఒక సాయంత్రం పని. 150 గ్రాములూ నా ఒళ్ళో ఉండేవి. నా మూడు తప్పులకూ కలిపి పడే జరిమానా మూడు వారాల కష్టం, అంతే. ఊలు గ్రాము కూడా పోదు. నేను కత్తెర పెట్టడంతో ముందు పల్ల పైభాగమంతా జానెడు జానెడు ముక్కలైంది. ఏ ముక్కా దేనికీ అందదు. తిరిగి వచ్చే తప్పును తిరిగి రాని తప్పుగా మార్చింది నా కత్తెర.

విప్పడానికి ఇద్దరం కూర్చున్నాం. అప్పుడు ఇంకో సంగతి తెలిసింది. అల్లినదాన్ని మొదలు నుంచి విప్పుదామంటే రాదు, చిక్కు పడుతుంది. చివర చేసింది ముందు విప్పాలి. మెడ పట్టీ, తర్వాత భుజం, తర్వాత చంక, చిట్టచివర నడుము. నేను ఏ రాత్రి ఎక్కడ "ఊలు సాగుతుందిలే" అనుకున్నానో ఆ చోట్లన్నీ తిరుగు వరసలో కంటి ముందుకు వచ్చాయి. విప్పిన దారం సేమ్యాలా వంకరలు తిరిగి ఉంటుంది. దాన్ని కుర్చీ వీపుకు చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి, కింద కొంచెం బరువు కట్టి నీడన ఆరేస్తే వంకరలు చాలావరకు పోతాయి.

నడుము పట్టీ దగ్గరికి వచ్చేసరికి నాకు స్వెటర్ మీద ధ్యాస లేదు. నా దగ్గర పని నేర్చుకున్న ఒక అమ్మాయి గుర్తొచ్చింది.

నా షాపులో ఒక నియమం ఉండేది. కుట్టింది విప్పొద్దు. విప్పితే బట్టకు సూది బొక్కలు పడతాయి, టైం పోతుంది, గిరాకీ చూస్తే పరువు పోతుంది. ఎవరైనా బ్లేడు పట్టుకుని కుట్టు విప్పుతూ కనబడితే అరిచేదాన్ని. అందుకని పిల్లలు విప్పడం మానేశారు. తప్పులు చేయడం మానలేదు, దాచడం నేర్చుకున్నారు. ఆ అమ్మాయి ఒక పెళ్ళి జాకెట్‌కు కుడి చెయ్యి ఎడమకు, ఎడమ చెయ్యి కుడికి వేసింది. తెలుసుకుంది. నా భయానికి విప్పలేదు, ఇస్త్రీతో అణిచి మడతపెట్టి ఇచ్చేసింది. పెళ్ళి పొద్దున పెళ్ళికూతురి తల్లి ఆ జాకెట్ పట్టుకుని వస్తే, నలుగురి ముందు ఆ అమ్మాయిని నానా మాటలు అన్నాను. మర్నాటి నుంచి పనికి రాలేదు. "గీ కాలం పోరగాండ్లకు పని మీద భయం లేదు" అని ఎందరికో చెప్పుకున్నాను కూడా. భయం లేక కాదు, భయం ఎక్కువైతేనే ఆ జాకెట్ అలా ఇంటికి పోయింది. ఆ భయం పెట్టింది నేను.

ఆ అమ్మాయి ఇప్పుడు కోరుట్లలో సొంత మిషన్ పెట్టుకుందని విన్నాను. ఒకసారి బస్టాండ్‌లో ఎదురుపడితే "బాగున్నవా అక్కా" అంది. బాగున్నానన్నాను. చెప్పాల్సిన మాట మాత్రం ఇంకా చెప్పలేదు.

రెండో స్వెటర్ ముక్కతోనే మొదలైంది. ముప్పై రెండు కుట్లు ఎక్కించి అయిదు అంగుళాల పొడుగు అల్లాను. ఉతికి ఆరబెట్టి, మంచం మీద లాగకుండా పరిచి, అంచులు వదిలేసి నడుమ నాలుగు అంగుళాల్లో ఎన్ని కుట్లో లెక్కపెట్టాను. సీదా వైపు ఒక్కో కుట్టు చిన్న వేపాకు జంటలా కనబడుతుంది, సూది మొనతో ఎంచుకుంటూ పోవాలి. మూడు చోట్ల ఎంచితే మూడు చోట్లా 26. పన్నెండు ఆరున్నరలు 78, పక్క కుట్లకు రెండు, మొత్తం 80. మొదటిసారి ఎక్కించింది 66. పద్నాలుగు కుట్ల కథ ఇది.

కావలసినవారికి పనికొస్తుందని మిగతా లెక్క కూడా చెప్తాను. నడుము పట్టీకి సన్న సలాయిలు, దుకాణంలో పది నంబర్ అంటే ఇస్తారు. రెండు అంగుళాలు. పైన ఒంటికి ఎనిమిది నంబర్, అదే 4 మిల్లీమీటర్లది. నడుము అంచు నుంచి చంక దాకా 9 అంగుళాలు. చంక దగ్గర రెండు వైపులా అయిదేసి కుట్లు మూసి, ఆ తర్వాత వరస విడిచి వరస ఒక్కోటి చొప్పున నాలుగు సార్లు తగ్గిస్తే 62 మిగులుతాయి. మెడ గుండ్రం వద్దు, వీ ఆకారం పెట్టమంది టీచరమ్మ. ముందు పల్లను 31, 31గా చీల్చి మెడ వైపు 14 తగ్గిస్తే ఒక్కో భుజానికి 17. వెనక మెడకు 28. చంక లోతు అయిదున్నర. ఏటవాలు అంచులు గుండ్రటి మెడ కన్నా బాగా విచ్చుకుంటాయి. పట్టీ కుట్లు మూసేటప్పుడు మాత్రం చేతిలో లావు సలాయి ఉండాలి, చెయ్యి వదులుగా ఉండాలి. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఈ వదులే. ప్రతి కుట్టుకూ వేలు దానంతటదే గుంజబోతుంది. నాకు నేను చెప్పుకుంటూ మూశాను.

ఊలు తక్కువపడింది. దుకాణానికి పోతే అదే పసుపు ఉంది కానీ లాట్ నంబర్ వేరు. రంగు పాత్ర మారితే అదే పసుపు ఇంకో పసుపు అవుతుంది. ఎండలో పక్కపక్కన పెడితే మెట్‌పల్లి మార్కెట్లో ఇద్దరు రైతుల పసుపు కుప్పల్లా కనబడ్డాయి. అతికించి దాచే బుద్ధి మళ్ళీ తల ఎత్తింది. వద్దనుకుని నీలం ఊలు కొన్నాను. పట్టీలన్నీ నీలం, ఒళ్ళు పసుపు. చూసినవాళ్ళు కావాలని వేసిన డిజైన్ అనుకున్నారు. అడిగినవాళ్ళకు అసలు సంగతి చెప్పాను.

ఇక తల. పిల్లగాడు ఇచ్చోడలో, నేను ఇక్కడ. బిడ్డతో ఫోన్‌లో రెండుసార్లు కొలిపించాను, కనుబొమల మీదుగా, చెవుల పైనుంచి, వెనక ఎత్తు చోటు దాకా. రెండుసార్లూ 20. టేపు పట్టుకుని వంటింట్లోకి పోయాను. చెంబు చిన్నదైంది, బిందె పెద్దదైంది. పాలు కాచే చిన్న సర్వ చుట్టుకొలత సరిగ్గా 20 వచ్చింది. దాన్ని బోర్లించి పీట మీద పెట్టి, మెడ పట్టీ మూసిన రోజు స్వెటర్‌ను దాని నెత్తి మీదుగా తొడిగాను. జర్రున దిగింది. తీసి మళ్ళీ తొడిగాను. మా ఆయన చాయ్ కోసం వచ్చి, సర్వకు స్వెటర్ తొడుగుతున్న పెళ్ళాన్ని చూసి మాట్లాడకుండా వెనక్కి పోయాడు.

గొంగడి అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. దాన్ని ఎవరూ కొలవరు, ఎవరూ కత్తిరించరు. మడిచి కొప్పెర పెట్టుకుంటే తాతకూ సరిపోతుంది, మనుమడికీ సరిపోతుంది. మనిషి ఒంటికి అచ్చుగుద్దినట్టు కావాలనుకున్నప్పుడే కొలత బాధ మొదలవుతుంది. నా బతుకుతెరువే ఆ బాధ మీద.

మాఘంలో ఇచ్చోడ పోయినప్పుడు స్వెటర్‌తో పాటు సర్వను కూడా సంచిలో పెట్టుకుపోయాను. వాడు స్వెటర్ చూసి గడప అవతలే ఆగాడు. నేను పిలవలేదు. సర్వను బోర్లించి తొడిగాను, తీశాను, తొడిగాను. కాసేపటికి వచ్చి పక్కన కూర్చున్నాడు. "నేను జేత్తా" అన్నాడు. సర్వకు తొడిగాడు, తీశాడు. చాలాసేపు అదే ఆట. తర్వాత ఎవరూ చెప్పకుండానే తన నెత్తి మీద పెట్టుకుని ఆగాడు. నా చేతులు ముందుకు పోబోతే ఒళ్ళో పెట్టి నొక్కుకున్నాను. వాడే లాక్కున్నాడు. నీలం పట్టీలోంచి ముందు జుట్టు, తర్వాత కళ్ళు బయటికొచ్చాయి.

ఆ స్వెటర్ రెండు చలికాలాలు నడిచింది. మొన్న దసరాకు వాడు వచ్చాడు, ఇప్పుడు ఏడేళ్ళు. పొట్ట మీదికి ఎక్కిపోయిన స్వెటర్ తెచ్చి ఇచ్చి, ఇది పెద్దగ చెయ్యి అన్నాడు. పక్క కుట్లు, పట్టీల కుట్లు నేను విప్పిపెట్టాను. వెనక పల్ల చివరి కుట్టు వెతికి దారం కొస వాడి చేతికిచ్చాను. 

"గుంజాల్నా? ఖరాబ్ గాదా?" అన్నాడు. 

"గాదు, గుంజు" అన్నాను. 

కొస పట్టుకుని వాకిలి దాటి సందులోకి ఉరికాడు. నా ఒళ్ళో పల్ల వరస తర్వాత వరస కరిగిపోతోంది. షాపులో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు మిషన్లు ఆపి చూస్తున్నారు. అందులో ఒకమ్మాయి చేతిలో బ్లేడు ఉంది, ఏదో కుట్టు విప్పుతోంది. నన్ను చూసి దాచుకోలేదు.

వాడు తిరిగి రాగానే టేపు తీశాను. మూడేళ్ళలో ఛాతీ రెండున్నర అంగుళాలు పెరిగింది. తల అర అంగుళమే. కొలతల పుస్తకం తెరిచి, భుజానికీ మెడకూ నడుమ ఇరుకులో కొత్త గడి ఒకటి గీసి రాసుకున్నాను: తల, 20న్నర.